పాట తెలిసిన చేతికి యానిమేషన్‌లో పనేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. ఏడేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, బొమ్మలు కూడా బాగా వేస్తుంది. గజేంద్ర మోక్షాన్ని పాటలతో నడిచే యానిమేషన్ సినిమాగా తియ్యాలని దాని కోరిక. ఇంజినీరింగ్ మాటెత్తితే వద్దంటోంది. ఇందులో బతుకుతెరువు ఉంటుందా? ఏ కోర్సులో చేర్పించాలి? మా మామగారు పురాణ ప్రవచనాలు చెబుతారు. దేవుణ్ణి కార్టూన్ చేస్తారా అని కోపంగా ఉన్నారు. ఆయనకేం చెప్పమంటారు?
- ఓ తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు అమ్మాయి చేత తొంభై సెకన్ల పాట ఒకటి బొమ్మల్లో చేయించండి. మీరడిగిన మూడింటికీ సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

బతుకుతెరువు గురించి ఉన్నమాట చెప్పుకుందాం. ‘పురాణాల యానిమేటర్’ అనే ఉద్యోగం ఎక్కడా లేదు. స్టూడియోల్లో ఉండేవి స్టోరీబోర్డు, క్యారెక్టర్ డిజైన్, లేఅవుట్, రిగ్గింగ్ (పాత్ర కదలడానికి కీళ్లు అమర్చడం), యానిమేషన్, కంపోజిటింగ్ (విడి పొరల్ని ఒకే షాట్‌గా కలపడం) వంటి పనులు. ఇవాళ ప్రహ్లాదుడి షాట్ చేసిన చేత్తోనే రేపు ఏ విదేశీ పిల్లల సీరియల్లోనో కుందేలును నడిపించాలి. 2025 జులైలో విడుదలైన యానిమేషన్ సినిమా ‘మహావతార్ నరసింహ’ ఆడిన తీరు చూశాక చాలామంది తల్లిదండ్రులకు ఈ రంగం మీద గురి కుదిరింది. మంచిదే, కానీ ఒక సినిమా ఆడినంత మాత్రాన పది వేల కొలువులు పుట్టవు. కుందేలు బొమ్మ వెయ్యడం కూడా అమ్మాయికి ఇష్టమేనా అన్నది ముందు తేల్చుకోండి.

ఆ పనుల్లో ఆమెకు నప్పేది స్టోరీబోర్డు, దాని వెంట వచ్చే యానిమేటిక్. అంటే గీతబొమ్మల్ని పాట మీద వరసగా పేర్చి, సినిమా ఎలా ఉండబోతోందో ముందే చూపించే పని. బొమ్మలు బాగా వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, పాడేవాళ్లూ ఉన్నారు. తాళాన్ని ఫ్రేముల్లో లెక్కగట్టగలిగినవాళ్లు మాత్రం అరుదు. పాటల సినిమాలో ఆ లెక్కే ఆయువుపట్టు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు (విడి చిత్రాలు), అంటే నిమిషానికి 1440. ఆ 1440ని పాట వేగంతో భాగిస్తే ఒక్కో అక్షరకాలానికి, అంటే తాళంలో ఒక్కో దెబ్బకు, ఎన్ని ఫ్రేములో వస్తుంది. నిమిషానికి 80 దెబ్బల వేగంలో దెబ్బకు 18 ఫ్రేములు. ఆదితాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, ఎనిమిది దెబ్బలు కాబట్టి 144 ఫ్రేములు, సరిగ్గా ఆరు సెకన్లు. 72 వేగంలో దెబ్బకు 20, 90లో 16, 96లో 15, 120లో 12. ఇవన్నీ పూర్ణాంకాలు. అదే 100 వేగంలో రికార్డు చేస్తే దెబ్బకు 14.4 వస్తుంది. కొత్తవాళ్లు దాన్ని 14కి కుదించి ప్రతి అడుగూ ఆ లెక్కనే వేసుకుపోతారు. ఆవర్తనానికి మూడు ఫ్రేములకు పైగా తేడా పడి, పది ఆవర్తనాలు తిరిగేసరికి అడుగు తాళం కంటే సెకనుకు పైగా ముందుంటుంది. బొమ్మలన్నీ గీశాక ఈ తప్పు దిద్దడం నరకం. అందుకే వేగం మొదట ఖాయం చేసుకుని, శ్రుతిపెట్టె, క్లిక్ (వేగం తప్పకుండా టిక్కుటిక్కుమనే చప్పుడు) పెట్టుకుని పాడి రికార్డు చెయ్యాలి. గొంతు ఫోనులో రికార్డు చేసినా ఈ దశకు సరిపోతుంది.

ఏనుగు నడకనే తీసుకోండి. దాని నాలుగు కాళ్లూ విడివిడిగా నేలను తాకుతాయి. ఒక పక్క వెనక కాలు, అదే పక్క ముందు కాలు, ఆపైన రెండో పక్క వెనకది, ముందుది. 80 వేగంలో దెబ్బకో పాదం మోపితే నాలుగు దెబ్బలకు ఒక పూర్తి అంగ, 72 ఫ్రేములు, మూడు సెకన్లు. నిండుగా, బరువుగా ఉంటుంది. మడుగులో దిగాక అదే నడక తాళం తప్పుతుంది. మొసలి పట్టిందని మాటల్లో చెప్పనక్కర్లేదు, చూసేవాడికి అక్కడే తెలిసిపోతుంది.

పద్యం దగ్గర మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు. పద్యానికి రాగం ఉంటుంది, తాళం ఉండదు. గజేంద్ర మోక్షంలో పోతన రాసిన ‘సిరికిం జెప్పడు’ మత్తేభాన్ని క్లిక్ మీద పాడిస్తే చచ్చుబడిపోతుంది. దాన్ని స్వేచ్ఛగా పాడనిచ్చి, రికార్డింగులో ప్రతి పాదం ఎత్తుగడ, గాయని ఊపిరి తీసుకున్న చోటు ఏ ఫ్రేము దగ్గర పడ్డాయో కాగితం మీద రాసుకోవాలి. బొమ్మ మారేది అక్కడ. పద్యానికి ముప్పై సెకన్లు, ఆ తర్వాత పది ఆవర్తనాల పాట. తొంభై సెకన్లకు లెక్క సరిపోయింది. కట్ (షాట్ మార్పు) ప్రతిసారీ సమం మీదే, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీదే వేస్తే లెఫ్ట్ రైట్ కవాతులా ఉంటుంది. అప్పుడప్పుడు తాళంలో మొదటి భాగమైన లఘువు ముగిసి, తర్వాతి భాగమైన ద్రుతం మొదలయ్యే ఐదో దెబ్బ మీద వెయ్యమనండి.

పెదవుల కదలికలోనూ సంగీతం తెలిసిన మనిషికే పనిపడుతుంది. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది కాబట్టి సాగదీసే స్వరం మీద నోరు తెరిచే ఉంటుంది. పెదవులు తప్పక కలవాల్సింది ప, బ, మ లాంటి అక్షరాల దగ్గర. కొత్తవాళ్లు గమకం (స్వరాన్ని ఊపి పాడే తీరు) ఊగినప్పుడల్లా నోటి ఆకారం మార్చేస్తారు, పాత్ర ఏదో నములుతున్నట్టు కనిపిస్తుంది. గమకంలో కదిలేవి కంఠం, కనుబొమ్మలు, తల. అచ్చు మారేదాకా నోటిని కదపకూడదు.

ఇక దేవుడి బొమ్మ. మీ మామగారి కోపానికి అసలు కారణం ఇక్కడుంది, అందులో చాలా భాగం న్యాయమైనదే. ‘సిరికిం జెప్పడు’ పద్యంలో పోతన ఏమన్నాడో షాట్లుగా చూడండి. విష్ణువు లక్ష్మికి చెప్పలేదు. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుడుణ్ణి సిద్ధం చెయ్యలేదు. చెవిదాకా జారిన జుట్టు సర్దుకోలేదు. ఆఖరికి చేతిలో ఉన్న లక్ష్మి కొంగు కూడా వదల్లేదు. ఈ పద్యం వినిపిస్తూ తెర మీద క్యాలెండర్ బొమ్మలాగా నాలుగు చేతులా ఆయుధాలు పట్టి గరుడుడి మీద దిగే విష్ణువును చూపిస్తే, పాటకూ బొమ్మకూ పొత్తు కుదరదు. అలాగని ఆ క్యాలెండర్ బొమ్మ తప్పూ కాదు. సంస్కృత భాగవతం ఎనిమిదో స్కంధంలో స్వామి చక్రాయుధంతో గరుడుడి మీదే వస్తాడు. ఏ మూలాన్ని పట్టుకున్నావో స్క్రిప్టు మొదటి పేజీలో రాసి, దానికే కట్టుబడాలి. తప్పల్లా రెంటినీ కలపడంలో ఉంది.

తర్వాతి పద్యమైతే షాట్ల జాబితా తయారుచేసి చేతికిచ్చినట్టే ఉంటుంది. ఆయన వెంట లక్ష్మి, ఆమె వెంట అంతఃపుర స్త్రీలు, వాళ్ల వెనక గరుడుడు, ఆయన పక్కన విల్లు, గద, శంఖచక్రాలు, ఆపైన నారదుడు, విష్వక్సేనుడు. ఆయుధాలు ఎవరి చేతిలోనూ లేకుండా వస్తున్నాయి. వాటిని గాల్లో తేలించాలా, శిల్పాల్లో కనిపించే ఆయుధపురుషుల్లా మనిషి రూపమివ్వాలా? కళాకారిణి స్వేచ్ఛ తీసుకోవాల్సింది ఇలాంటి చోట. మూలం మాట్లాడని దగ్గర ఊహకు చోటుంది, మూలం స్పష్టంగా చెప్పిన దగ్గర లేదు.

ఇంకో ప్రమాదం కంప్యూటర్‌లో ఉంది, దాని పేరు ఫ్లిప్. పని తగ్గించుకోవడానికి పాత్రను ఒక వైపుకే గీసి, రెండో వైపు కావాల్సినప్పుడు అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. ఏనుగుకు పర్వాలేదు. యజ్ఞోపవీతం ఉన్న పాత్రను తిప్పితే ఎడమ భుజం మీదిది కుడి భుజం మీదికి వస్తుంది. అది పితృకార్యాల్లో వేసుకునే ప్రాచీనావీతి. పెళ్లి పాటలో ఆ షాట్ పడిందంటే మీ మామగారు లేచి వెళ్లిపోతారు, ఆయన్ను తప్పుపట్టలేం. రాముడికి ఎడమన సీత, కుడిన లక్ష్మణుడు ఉండాలి; ఫ్రేమును తిప్పితే చోట్లు తారుమారవుతాయి. ప్రదక్షిణ అప్రదక్షిణ అవుతుంది. విష్ణువుకైతే మరీ చిక్కు. శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఏది ఉందన్న వరసను బట్టే కేశవుడు, నారాయణుడు, మాధవుడు అంటూ 24 మూర్తులు ఏర్పడ్డాయి. తిప్పగానే మూర్తి పేరే మారిపోతుంది. విరుగుడు సులువే. జంధ్యం, ఆయుధాలు, కొంగు లాంటివన్నీ వేరే లేయర్లలో (పొరల్లో) పెట్టి, రెండు వైపులకూ విడిగా గీసుకోవాలి. కుడి, ఎడమ అన్నప్పుడు అవి మూర్తివి, చూసేవాడివి కావు. ఏఐతో చేసిన బొమ్మల్లోనూ ముందు తనిఖీ చెయ్యాల్సింది చేతులే.

మంత్రాల విషయంలో ఒక హెచ్చరిక. వేదమంత్రం రికార్డింగును పాట తాళానికి సరిపోయేలా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడికక్కడ సాగదీస్తే హ్రస్వ దీర్ఘాల కొలత చెడుతుంది. నేపథ్యానికి అందంగా ఉందని వాడేస్తుంటారు. ఆ చోట కీర్తనో శ్లోకమో పెట్టుకోవడం మంచిది.

కీర్తన అనగానే హక్కుల ప్రశ్న వస్తుంది. అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. కానీ ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేర్లే ఉన్నాయి, స్వరాలు లేవు. ఇవాళ మనం వినే చాలా బాణీలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. మన చట్టం ప్రకారం స్వరకర్త పోయిన తర్వాత అరవై ఏళ్లు హక్కు నిలిచి ఉంటుంది. ఉదాహరణకు అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో కాలం చేశారు, ఆ లెక్కన ఆయన స్వరపరిచిన వాటికి 2039 చివరిదాకా గడువుంది. క్యాసెట్లో విన్న పాట తన గొంతుతో పాడినంత మాత్రాన సొంతమైపోదు. పోతన పద్యానికి ఈ తలనొప్పి లేదు, బాణీ అమ్మాయే కట్టుకోవచ్చు. ఆమె బలం కూడా అదే.

తొంభై సెకన్లూ రంగుల్లో పూర్తి చెయ్యాలని మాత్రం పట్టుబట్టనివ్వకండి. రెండేసి ఫ్రేములకో బొమ్మ లెక్కన వేసినా 1080 బొమ్మలవుతాయి. ఇంటర్ పరీక్షలు పెట్టుకుని అది అయ్యే పని కాదు. పాతిక ముప్పై షాట్లతో మొత్తానికీ యానిమేటిక్ చేసి, ఒక్క రెండు ఆవర్తనాలు, అంటే పన్నెండు సెకన్లు, పూర్తిగా యానిమేట్ చేస్తే చాలు. 144 బొమ్మలు. రోజుకు ఎనిమిది శుభ్రంగా దిగినా 18 రోజులు. క్రిటా, బ్లెండర్, ఓపెన్‌టూంజ్ మూడూ ఉచితమే, వీటిలో ఏదో ఒకటి చాలు. చిన్న పెన్ టాబ్లెట్ కొనిస్తే సరి. ఆ 18 రోజుల్లో విసుగు పుట్టి వదిలేసిందంటే, ఫీజు కట్టకముందే తెలిసినందుకు సంతోషించండి.

కోర్సులకొద్దాం. నేరుగా యానిమేషనే చదవాలంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) యానిమేషన్ ఉంది, నాలుగేళ్లు, ప్రత్యేక ప్రవేశ పరీక్ష. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఈ రంగంలో పేరున్న కోర్సు. పోటీ గట్టిగా ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్, బొంబాయి వంటి చోట్ల బీడిజైన్‌కు (డిజైన్ డిగ్రీకి) యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. పరీక్ష జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. అయితే బీడిజైన్ అంటే అన్ని రకాల డిజైనూ చదవాలి, యానిమేషన్ అందులో ఒక భాగమే. మీ అమ్మాయికి లక్ష్యం ఇంత స్పష్టంగా ఉంది కాబట్టి నేనైతే ఎన్‌ఐడీ, జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ముందు పెట్టి, యూసీడ్‌ను మూడోదిగా ఉంచుతాను.

ప్రైవేటు సంస్థ గడప తొక్కాల్సివస్తే ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు చూడొద్దు. పోయిన బ్యాచ్ విద్యార్థుల షోరీళ్లు (తాము చేసిన పనిలోంచి ఏర్చికూర్చిన చిన్న వీడియోలు) చూపించమనండి. పాఠం చెప్పే మాస్టారు చేసిన పని చూపించమనండి. రెండూ చూపించలేకపోతే ఫీజులో ఎంత రాయితీ ఇచ్చినా తిరిగి వచ్చెయ్యండి.

మామగారికి మీరు సర్దిచెప్పక్కర్లేదు, ఆయనకు పని అప్పజెప్పండి. పద్యంలో ప్రతి మాటకూ అర్థం ఆయన చేత చెప్పించి, అమ్మాయిని రాసుకోమనండి. దేవుణ్ణి బొమ్మల్లో ఆడించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదనీ, తోలుబొమ్మలాటలో రాముడు, హనుమంతుడు తరతరాలుగా తెర మీద ఆడుతున్నారనీ ఆయనకు తెలియంది కాదు. ఆయన భయం వెటకారం గురించి. హాస్యం కావాలంటే మొసలికి పెట్టుకోవచ్చు, మడుగులో కప్పలకు పెట్టుకోవచ్చు, తోలుబొమ్మల్లో కేతిగాడు, బంగారక్కలు ఉన్నది అందుకే. గజేంద్రుడి ప్రార్థనలో మాత్రం వద్దు. ఇదంతా యానిమేటిక్ దశలోనే, గీతబొమ్మలుగా ఉన్నప్పుడే ఆయనకు చూపించండి. జంధ్యం తప్పనో, చక్రం అప్పుడే రాకూడదనో ఆయన ఆ దశలో చెబితే ఒక గీత చెరిపితే సరిపోతుంది. రంగులు పడ్డాక చెబితే 144 బొమ్మలూ మళ్లీ మొదటి నుంచి.