ఆవంలో పచ్చి కుండ

తమ్ముడూ,

పిల్లల కోసం నువ్వు రాసిన కుమ్మరి కథ రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ నీ కుమ్మరి పొద్దున సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద, చేసిన కుండను సాయంత్రానికే కుండలు కాల్చే ఆవంలో పెట్టేశాడు. అక్కడ నాకు కోపం వచ్చింది.

పచ్చి కుండకు సెగ తగిలితే మట్టిలో నీరు ఆవిరై, బయటికి దారి లేక గోడను పేల్చేస్తుంది. అసలు సారె మీంచి దారంతో కోసి దించినప్పుడు దానికి అడుగే ఉండదు. కాస్త బిగిశాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ అడుగు మూయాలి, గోడ పలచన చెయ్యాలి. ఆపైన నీడన రోజుల తరబడి ఆరాలి. ఎండన పెడితే అంచు ముందు ఆరిపోయి, అడుగు ఇంకా తడిగా ఉండి, నెర్రె పడుతుంది.

నీ కథలో దేవత కలలోకి వచ్చి ఓర్పు గురించి చెప్పడం ఎందుకు? పెళ్లివారు డబ్బు చేతిలో పెట్టి రేపటికే కుండలు కావాలన్నారనుకో. నీడలో పెట్టిన కుండలకు ఇంకా చెమ్మ ఆరలేదు. ఆ రాత్రి కుమ్మరి ఏం చేస్తాడో రాయి.

కర్ణాటకలోని బేలూరులో చెప్పుకునే శిల్పి జక్కన్న కథ తెలుసుగా. జక్కన్న చెక్కిన విగ్రహంలో దోషముందన్న కుర్రాడు వాదించడు. విగ్రహం ఒంటినిండా గంధం పూస్తారు. అంతా ఆరుతుంది, బొడ్డు దగ్గర ఆరదు. అక్కడ ఉలి పెడితే నీళ్లు, కప్ప. గర్వం మీద ఒక్క మాట లేదు, ఆ తడి మచ్చే చెబుతుంది. ఆ విగ్రహాన్ని ఇప్పటికీ కప్పె చెన్నిగరాయ అంటారు.

పని వివరాలు పిల్లలకు విసుగని కోసేసి, చివర గడి కట్టి 'నీతి' అని అచ్చేసే సంపాదకుల మీద నాకు ఎప్పటి నుంచో మంట. నువ్వు ఆ నీతి పంక్తి ముందే రాసి పంపావు. కొట్టెయ్యి.

మోసం మీద రాయాలనుంటే మట్టిలో కలిసివచ్చే సున్నపు గులకరాయిని పట్టుకో. మట్టి తొక్కేటప్పుడు ఏరకుండా వదిలేస్తే అది కుండతోపాటు కాలుతుంది. అమ్మేనాడు వేలితో కొడితే ఖంగుమంటుంది. తర్వాత తేమ పీల్చి ఉబ్బి, కొన్నాళ్లకు పెచ్చు ఊడదీస్తుంది. ఏరలేదని కుమ్మరికి ఒక్కడికే తెలుసు. కొన్న ముసలమ్మ మళ్లీ అదే వాకిట్లోకి వస్తే?

కథను పోటీకి పంపే సంగతి ఇప్పుడొద్దు. తిరగరాసే ముందు ఆవం విప్పే రోజు ఒక కుమ్మరి దగ్గరికి వెళ్లు. బూడిదలోంచి ఎన్ని పగిలి వచ్చాయో లెక్కపెట్టు. ఒక్కోటి ఎందుకు పగిలిందో ఆయన్నే అడుగు.