పగలు పాసై రాత్రి ఫెయిలయ్యే సెలీనియం టెస్టులు

"నా కంప్యూటర్‌లో అన్నీ పాసవుతాయి, రాత్రి సర్వర్ మీద నడిస్తే రోజుకొకటి ఫెయిలవుతుంది, సెలీనియం మానేసి ప్లేరైట్‌కు మారాలా?" అని అడిగారు. రెండూ మనిషికి బదులు బ్రౌజర్‌లో క్లిక్కులు చేసి వెబ్‌సైట్‌ను పరీక్షించే టూల్సే. ఇప్పుడే మారకండి. ముందు మీ కోడ్‌లో 'స్లీప్', అంటే ఇన్ని సెకన్లు ఊరికే ఆగమనే ఆదేశం, ఎన్నిచోట్ల ఉందో వెతకండి.

నేను తిరుపతిలో లాడ్జీల గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో పనిచేశాను. బైరాగిపట్టెడలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. టెస్టర్‌ను నేనొక్కడినే. మా పనిలో తప్పు జరిగితే ఒకే గది ఇద్దరికి ఖాయమవుతుంది. కొండ దిగి, గుండ్లు చేయించుకున్న పిల్లలతో వచ్చిన కుటుంబం కౌంటర్ దగ్గర సామానుతో నిలబడిపోతుంది. అందుకని ప్రతి క్లిక్కు ముందూ ఐదు సెకన్ల స్లీప్ పెట్టేవాడిని. జాగ్రత్త అనుకున్నాను.

అయినా 'గది ఖాయం చేయి' బటన్ టెస్టు వారానికి రెండు మూడు రాత్రులు పడిపోయేది. చివరికి ఫెయిలైన క్షణంలో స్క్రీన్‌షాట్ తీసే ఏర్పాటు చేశాను. మర్నాడు చూస్తే బటన్ కనిపిస్తూనే ఉంది, కానీ దాని మీద పలచటి బూడిదరంగు తెర, నడుమ తిరిగే చక్రం. బ్యాకప్ నడిచే వేళ సర్వర్ నెమ్మదించి గది ధరలు ఇంకా రాలేదు. క్లిక్ బటన్‌కు కాక తెరకు తగులుతోంది. 'ఎలిమెంట్ క్లిక్ ఇంటర్‌సెప్టెడ్' అని ఎర్రర్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. చదవనిది నేనే.

స్లీప్ తీసేసి, తెర మాయమయ్యేదాకా వెబ్‌డ్రైవర్‌వెయిట్‌తో ఆగమన్నాను, గరిష్ఠంగా 20 సెకన్లు. అది అర సెకనుకోసారి చూస్తుంది, తెర తొలగగానే ముందుకు వెళ్తుంది. ఇంప్లిసిట్ వెయిట్‌ను, అంటే ఏది వెతికినా ఇంతసేపు ఆగమని టెస్టంతటికీ ఒకేసారి పెట్టే సెట్టింగ్‌ను, మాత్రం దీనితో కలపకండి. ఎంతసేపు ఆగుతుందో లెక్క అందదు. సెలీనియం వాళ్లే వద్దంటారు.

బ్రౌజర్ నుంచి కాపీ చేసిన బారెడు ఎక్స్‌పాత్‌లు (పేజీలో బటన్ ఎక్కడుందో చెప్పే చిరునామాలు) ఉంటే అవీ తీసేయండి. డెవలపర్‌కు ఒక టీ ఇప్పించి ముఖ్యమైన బటన్లకు ఐడీలు పెట్టించుకోండి. క్రోమ్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దానికి సరిపడే డ్రైవర్ (సెలీనియం మాటను బ్రౌజర్‌కు చేరవేసే ప్రోగ్రామ్) వెతుక్కుంటున్నారా? 4.6 వెర్షన్ నుంచి సెలీనియం మేనేజరే ఆ పని చూసుకుంటుంది.

ప్లేరైట్ మంచిదే. మైక్రోసాఫ్ట్ 2020లో తెచ్చింది. క్లిక్కు ముందు బటన్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా, అడ్డు ఏమైనా ఉందా అని తానే చూసుకుంటుంది. కొత్త ప్రాజెక్టయితే నేనూ అదే తీసుకుంటాను. కానీ రాసిన టెస్టులన్నీ మళ్లీ రాయడం నెలల పని, పైగా మీ తప్పులూ వెంట వస్తాయి.

అన్నట్టు, 2004లో షికాగోలో జేసన్ హగిన్స్ సెలీనియంను మొదలుపెట్టినప్పుడు పోటీదారు మెర్క్యురీ (అంటే పాదరసం) అనే కంపెనీ. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అన్న ఎగతాళి నుంచే ఈ పేరు పుట్టింది. మా యజమానికి ఈ కథ పట్టలేదు. ఉచితమని విన్నాకే ఒప్పుకున్నారు.

ఈ రాత్రి ఫెయిలయ్యే టెస్టు ఎర్రర్‌లో మొదటి రెండు వరుసలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.