గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఎస్ఎంపిఎస్ లేబుల్ ఫోటో పంపు

చిరంజీవి అల్లుడికి రాయగడ నుంచి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ మొన్న రాత్రే చూశాను. నలభై వేలు కూడబెట్టాను, గేములకి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, పేరు చెబితే చాలు అన్నావు. పేరు చెప్పడానికి క్షణం పట్టదు. కానీ పేరొక్కటే చెప్పి ఊరుకుంటే పది రోజుల్లో మీ అమ్మ నుంచి ఫోన్ వస్తుంది, "తమ్ముడూ, వీడి కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందిరా" అని. ఇరవై ఏళ్లుగా ఈ దుకాణంలో నేను చూస్తున్నది అదే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, టీ తాగుతూ చదువుకో.

పేరు చూసి నేనే ఒకసారి దెబ్బ తిన్నాను. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతుంటే, తేడా మెమరీలోనే కదా అని చవకది తెచ్చాను. ఇంటికొచ్చి బిగించి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ ప్రోగ్రామ్ తెరిచి చూస్తే చిప్పులో లెక్కలు చేసే కోర్లు కూడా తక్కువే. పేరు గొప్ప ఊరు దిబ్బ. కార్డుల్లో ఇది మామూలే. ఆర్‌టీఎక్స్ 3050 సంగతే చూడు. 8 జీబీ దానికి 2560 కోర్లు, 128 బిట్ మెమరీ దారి. 6 జీబీ దానికి 2304 కోర్లు, 96 బిట్ దారి. అడిగితే షాపు కుర్రాడు రెండింటికీ ఒడియాలో "భల అఛి", అంటే బాగుంది అనే అంటాడు. కాబట్టి నువ్వు అడిగేటప్పుడు పేరు, చివర ఉన్న టీఐ, ఎక్స్‌టీ లాంటి తోకలు, ఎన్ని జీబీ, ఈ మూడూ కలిపి ఒకే గుక్కలో అడగాలి. బిల్లు మీద కూడా మూడూ ఉండాలి.

నీ బడ్జెట్‌కి దగ్గర్లో చూడాల్సినవి రెండు: ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ. రెండూ 2025లో వచ్చినవే, రెండింటిలోనూ 8 జీబీ, 16 జీబీ రకాలున్నాయి. వీటిలో చిప్పు కోత లేదు, మెమరీ ఒక్కటే తేడా. అయినా 16 జీబీదే తీసుకో. నీ మదర్‌బోర్డు మీద 5060 టీఐ పెడితే, అది తన సొంత మెమరీ నుంచి సెకనుకి 448 జీబీ లాగుతుంది. ఆ మెమరీ నిండిపోయి సిస్టం ర్యామ్ వైపు చెయ్యి చాచిందంటే, ఆ దారిలో సెకనుకి వచ్చేది గట్టిగా 16 జీబీ. వంటగట్టు మీద చోటు చాలక సామాన్లు పెరట్లో పెట్టుకుని, చారులో ఉప్పు వెయ్యాల్సి వచ్చిన ప్రతిసారీ పెరట్లోకి పరిగెత్తినట్టు ఉంటుంది. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, సరిగ్గా కారు మలుపు తిరిగేచోట బొమ్మ గతుక్కుమంటుంది.

గేములకి మాత్రమే అయితే 9060 ఎక్స్‌టీ. బ్లెండరు అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్, వీడియో ఎడిటింగ్ కూడా వాడతానంటే 5060 టీఐ, అది బడ్జెట్ దాటితే మానెయ్. డబ్బు ఇంకా తగ్గితే 12 జీబీ ఉన్న ఇంటెల్ ఆర్క్ బీ580 చూడొచ్చు, కాకపోతే బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, రీసైజబుల్ బార్ అనేది ఆన్ చెయ్యకుండా దాన్ని వాడకు. వాలరెంట్ గేము ఒక్కటే ఆడేవాడివైతే ఇవేవీ అక్కర్లేదు, ఆ డబ్బు మీ అమ్మకిచ్చెయ్.

ఇంకోటి, నీ మానిటర్ 75 హెర్ట్జ్‌ది. కార్డు సెకనుకి 140 ఫ్రేములు గీసినా నీకు కనిపించేవి 75. ముందు ముందు 1440పీ మానిటర్ కొంటావు కాబట్టి ఈ కార్డు వృథా కాదులే. ఇప్పుడు నీ 1080పీ తెర మీద కార్డు గీయాల్సినవి సుమారు 21 లక్షల చుక్కలు, అప్పుడు 37 లక్షలు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ బాబాయి బరంపురంలో కొన్న ఆ కేబినెట్‌తో పాటే ఎస్ఎంపిఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె, కూడా ఫ్రీగా వచ్చింది కదా, దాని మీద నాకు నమ్మకం లేదు. పక్క డోరు తీసి దాని లేబుల్ చూడు. పైన పెద్దక్షరాల్లో 500 వాట్లు అని ఉండొచ్చు, దాన్ని పట్టించుకోకు. కింద చిన్న పట్టికలో +12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లో చదువు. నిన్న నా దగ్గరికొచ్చిన అలాంటి పెట్టె మీద 16 అని ఉంది. 12 వోల్టులతో గుణిస్తే 192 వాట్లు. కార్డూ ప్రాసెసరూ తినేది ఆ గడిలోంచే. 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160 వాట్లు, నీ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు 117 దాకా పోతుంది. 192లో 277 ఎక్కడ సర్దుతావు? డెస్క్‌టాప్ మీద అంతా బాగానే ఉంటుంది, గేములో పేలుడు సీను రాగానే సిస్టం ఠక్కున ఆరిపోతుంది. అందరూ కార్డుని తిడతారు. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, 550 లేదా 650 వాట్ల ఎస్ఎంపిఎస్ కొను. కార్డుకి 8 పిన్నుల వైరు దాని నుంచే నేరుగా రావాలి. అడాప్టర్లు పెట్టి అతికించొద్దు.

కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతోందని పోయిన దసరాకి అన్నావు గుర్తుందా? అది ఎస్ఎంపిఎస్ తప్పు కాదు, మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపిఎస్ లోపలి ఫిల్టరు కొద్దిపాటి కరెంటుని ఎర్త్ వైరులోకి పంపుతుంది. ఆ వైరు ఎక్కడికీ కలవకపోతే అది పెట్టె మీదే నిలుస్తుంది. పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్లన్నీ దాదాపు ఇంతే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్గు వరకైనా ఎర్త్ వేయించు. వేలకి వేలు పోసి కార్డు కొనేవాడికి అదో లెక్క కాదు.

యూపీఎస్ కూడా చూసుకో. మీ ఇంట్లో ఉన్న 600 వీఏది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, మానిటర్ కూడా దానికే పెట్టావంటే, గేము మధ్యలో కరెంటు పోగానే ఆ బరువు మొయ్యలేక యూపీఎస్ కూడా ఆగిపోతుంది. 1 కేవీఏది (1000 వీఏ) అయితే గేము సేవ్ చేసి ఆపేంత సమయం దొరుకుతుంది. కాలబైశాఖి (వేసవి ఉరుముల గాలివాన) రోజుల్లో ఉరుము వినపడిందంటే ప్లగ్గు గోడ నుంచి పీకెయ్, స్విచ్ ఆపితే సరిపోదు.

వేడి గురించి ఎక్కువ చెప్పను. మేడ మీద గదిలో మే నెల ఎలా ఉంటుందో నీకే తెలుసు. కేబినెట్ ముందు అద్దం ఉంటే గాలి ఆడదు, జాలీ ఉన్నది కావాలి. కార్డు పొడవు షాపు వాళ్ల వివరాల్లో ఉంటుంది, లోపల టేపు పెట్టి కొలుచుకుని కొను. మూడు ఫ్యాన్ల కార్డు కొని, హార్డ్ డిస్కు అరకి తగిలి వెనక్కి తెచ్చిన వాళ్లని చూశాను. బ్లోయరుతో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకో, ఊరికే గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది.

సెకండ్ హ్యాండ్ జోలికి పోకు. గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీని తవ్వే మైనింగ్ 2022 సెప్టెంబర్ 15న ఆగిపోయాక, పగలూ రాత్రీ అరగదీసిన కార్డులు తుడిచి మార్కెట్లోకి వదిలారు. వాటిలో మంచిదేదో తేల్చడానికి నాకే రెండు గంటలు పడుతుంది.

విశాఖలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా పెట్టె మీద సీరియల్ నంబరు, కార్డు మీద నంబరు ఒకటేనా చూసి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకో. కార్డుని కేబినెట్‌లో బిగించి బస్సులో తేవొద్దు, కుదుపులకి స్లాటు విరుగుతుంది. కార్డు దాని పెట్టెలో, కేబినెట్ వేరుగా.

నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది, అంటే దానికి సొంత డిస్‌ప్లే లేదు. ఇప్పుడు నీ కంప్యూటర్‌లో ఉన్న పాత కార్డు ఎవరైనా ఐదొందలకి అడిగినా ఇవ్వకు. కొత్తది వారంటీకి వెళ్లినప్పుడు తెర వెలగాలంటే అదే దిక్కు.

ఎస్ఎంపిఎస్ లేబుల్ ఫోటో, కేబినెట్ లోపలి కొలత ఈ ఆదివారంలోగా పంపు. అవి చూశాక డబ్బు కట్టు. బిగించేటప్పుడు వీడియో కాల్ చెయ్, రాత్రి ఎనిమిది దాటాక అయితే దుకాణం కట్టేసి ఖాళీగా ఉంటాను.

మీ మావయ్య