లేత్ మిషన్ ధర ఒకటి, దాన్ని నిలబెట్టే ఖర్చు ఇంకొకటి

ప్రశ్న: మా వారు చాలా ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో టర్నర్‌గా పనిచేస్తున్నారు. వచ్చే నెలలో 58 నిండి రిటైర్ అవుతున్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 16 లక్షలు వస్తాయి. నెలనెలా వచ్చే పింఛను కొద్ది మొత్తమే. మా పల్లెలో ఇంటి వెనక షెడ్డు ఉంది. అందులో ఆరడుగుల లేత్ మిషన్ (ఇనుప కడ్డీని తిప్పుతూ కోసి ఆకారం తెచ్చే యంత్రం) పెట్టి జాబ్ వర్క్, అంటే ఇతరులు తెచ్చిన పనులు కూలికి చేస్తానంటున్నారు. రాజ్‌కోట్ కంపెనీ కొటేషన్ రూ.3,20,000, జీఎస్టీ అదనం. నాలుగు లక్షల్లో అయిపోతుందని నేననుకుంటే, ఆయన నేలకు, లెవెలింగ్‌కు, మిగతా వాటికి ఇంకో లక్ష పైన కావాలంటున్నారు. డీలరేమో 'షెడ్డులో గచ్చు ఉంది కదా, దాని మీద దించి రసమట్టం పెట్టి చూసుకుంటే చాలు' అన్నాడు. ఆ ఖర్చు నిజంగా అవసరమా? అప్పు వద్దు, మొత్తం నగదుతోనే కొందామని మా వారి పట్టుదల. ఏం చేయమంటారు?

- కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లెవెలింగ్ విషయంలో మీ వారి మాటే సరైనది. నగదు విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. ముందు మొదటిది చూద్దాం. డీలరు మాట విని ఆ ఖర్చు తగ్గించుకుంటే మిగతా లెక్క ఎంత బాగా వేసుకున్నా ఉపయోగం ఉండదు.

నులకమంచానికి ఒక కోడు పొట్టిదైతే మంచం టకటక ఊగుతుంది, మనకు వెంటనే తెలిసిపోతుంది. లేత్ అలా ఊగదు. దాదాపు టన్ను బరువున్న పోత ఇనుము తన బరువుతో తానే కిందికి వంగి నేలను తాకుతుంది. చూడటానికి స్థిరంగానే ఉంటుంది, కానీ బెడ్, అంటే మిషన్ పొడవునా ఉండే పట్టాల భాగం, ఒక చివర నుంచి మరో చివరకు సన్నగా మెలి తిరుగుతుంది. కోసే టూలు ప్రయాణించేది ఆ బెడ్ మీదే. మెలి ఉన్నంత మేర కడ్డీకీ టూలుకూ మధ్య దూరం మారిపోయి, ఒక చివర లావుగా, మరో చివర సన్నగా తెగుతుంది. మీ వారి భాషలో అది టేపర్. మీ చుట్టుపక్కల పల్లెల్లో ఆయనకు ఎక్కువగా వచ్చేవి పంపు షాఫ్టులు, బుష్‌లు, ట్రాక్టరు పిన్నులే కదా. బేరింగు కూర్చునే చోట మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులు తేడా వచ్చినా ఒకటి బిగుసుకుపోతుంది, ఇంకొకటి వదులవుతుంది. అలాంటి షాఫ్టు రైతు తిరిగి తెచ్చిస్తే కూలితో పాటు కడ్డీ ఖర్చు కూడా మీ నెత్తినే పడుతుంది. పైగా కొత్త షాపుకు ఆ పేరు ఒకసారి వస్తే పోవడం కష్టం.

ఇక రసమట్టం సంగతి. గోడలు కట్టే మేస్త్రి వాడే రసమట్టం మీటరు పొడవున అర మిల్లీమీటరు తేడాను చూపించడమే గొప్ప. లేత్‌కు వాడే మాస్టర్ లెవెల్‌లో బుడగ ఒక గీత జరిగితే మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా ఉన్నట్టు. దాన్ని బెడ్‌కు అడ్డంగా ఒకసారి హెడ్‌స్టాక్ (కడ్డీని తిప్పే వైపు) దగ్గర, ఇంకోసారి టెయిల్‌స్టాక్ (కడ్డీ రెండో కొసకు ఆసరా ఇచ్చే వైపు) చివర పెట్టి, రెండు చోట్లా బుడగ ఒకే గీత మీద నిలిచేదాకా కింది లెవెలింగ్ బోల్టులను కొద్దికొద్దిగా తిప్పుతారు. మిషన్ భూమికి అచ్చంగా సమతలంగా ఉందా లేదా అన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. రెండు చివరలూ ఒకేలా ఉండాలి, బెడ్‌లో మెలి ఉండకూడదు. ఆ తర్వాత కడ్డీని పట్టుకునే చక్‌లో లావుపాటి కడ్డీ బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, రెండు చివరలా చిన్న పట్టీలు వదిలి సన్నటి కోత వేస్తారు. రెండు పట్టీలనూ మైక్రోమీటరుతో కొలిస్తే మిషన్ సరిగ్గా కూర్చుందో లేదో తేలిపోతుంది. తేడా వస్తే టెయిల్‌స్టాక్ వైపు బోల్టులు మళ్లీ తిప్పాలి. ఆ తర్వాతే టెయిల్‌స్టాక్‌ను సరిచేయాలి. ఈ వరుస తప్పితే ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పినట్టవుతుంది.

మాస్టర్ లెవెల్ కొనవద్దని మాత్రం మీ వారికి చెప్పండి. ఏడాదికి నాలుగైదు సార్లు వాడే పనిముట్టు మీద డబ్బు కట్టిపడేయడం ఎందుకు? ఇన్నేళ్లు ఆటోనగర్‌లో పనిచేసిన మనిషికి టూల్‌రూమ్ నుంచి ఒక రోజుకు అడిగి తెచ్చుకోవడం కష్టం కాదు. లేదంటే లెవెల్‌తో వచ్చే ఫిట్టరుకు రోజు కూలి ఇవ్వవచ్చు.

నేల ఖర్చు తప్పదని నేననడానికి ఇంకో కారణం ఉంది. కృష్ణా డెల్టాలో చాలాచోట్ల నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో బీటలు వారి కుంచించుకుపోతుంది. మామూలు గచ్చు దానితో పాటే కదులుతుంది. అందుకే తయారీదారు దగ్గర ఫౌండేషన్ డ్రాయింగు తీసుకుని, నల్లమట్టి తవ్వి తీసేసి, గ్రావెల్ నింపి, ఇనుప చువ్వలతో కాంక్రీటు దిమ్మె వేయించాలి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. కాబట్టి ముందు దిమ్మె, తర్వాతే మిషన్. ముందే మిషన్ దిగితే ఒకసారి షెడ్డు బయట, ఇంకోసారి దిమ్మె మీద దింపాలి. హైడ్రా క్రేను అద్దె రెండుసార్లు. అప్పు తీసుకుంటే పని మొదలు కాకుండానే వాయిదాలు మొదలవుతాయి. మొదటి నెల తర్వాత ఒకసారి, మొదటి వానాకాలం తర్వాత ఇంకోసారి లెవెల్ చూపించుకోవాలి. అప్పుడయ్యే ఖర్చు ఒక రోజు కూలి మాత్రమే.

ఇప్పుడు అంకెలు. 3,20,000 మీద 18 శాతం జీఎస్టీ 57,600. అంటే మిషన్ ఒక్కటే 3,77,600. దిమ్మెకు 25 వేలు, క్రేనుకు, దించే మనుషులకు 15 వేలు, కొత్త కరెంటు కనెక్షను, స్టార్టరు, ఎర్తింగుకు 30 వేలు, ఫోర్ జా చక్, డయల్ గేజ్, మైక్రోమీటర్లు, టూల్ బిట్లకు 40 వేలు, లెవెలింగ్‌కు, మళ్లీ చూపించడానికి 10 వేలు. ఇవి మీ ఊరి రేట్లు కావు, నేను పక్కన పెట్టమనే మొత్తాలు. అన్నీ కలిపితే 4,97,600, అంటే ఐదు లక్షలు. కొటేషన్‌లో 'ఎక్స్-వర్క్స్' అని రాసి ఉందేమో చూడండి. ఉంటే రాజ్‌కోట్ నుంచి లారీ కిరాయి, దారిలో బీమా కూడా మీవే. ఐదు లక్షలు దాటకూడదనుకుంటే మిషన్ దగ్గర తగ్గండి, నేల దగ్గర కాదు. బెడ్ అరగని పాత హెచ్‌ఎంటీయో మైసూర్ కిర్లోస్కరో దొరికితే మంచి బేరమే. బెడ్ అరిగిందో లేదో చూసి చెప్పగల మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు.

ఈ ఐదు లక్షలూ నగదుగా పెట్టాలా? వడ్డీ లెక్క ఒక్కటే చూస్తే మీ వారు తప్పనలేను. మూడు లక్షలు ముద్ర (చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే రుణ పథకం) కింద 11 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 6,520 వాయిదా, మొత్తం వడ్డీ 91 వేల పైచిలుకు. అదే మూడు లక్షలు 8.2 శాతం ఇచ్చే సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో ఐదేళ్లకు 1,23,000 వడ్డీ తెస్తాయని, అంటే అప్పే లాభమని ఎవరైనా మీకు చెప్పవచ్చు. నమ్మకండి. నెలనెలా వాయిదా మీ జేబులోంచే పోతుందన్న సంగతి ఆ లెక్కలో ఉండదు. 11 శాతానికి తెచ్చి 8.2 శాతానికి దాచడం ఎప్పటికీ నష్టమే.

అయినా నేను కొంత అప్పు వైపే మొగ్గుతాను. 58 ఏళ్ల తర్వాత ఒకసారి ఖర్చయిన పీఎఫ్ మళ్లీ రాదు. మిషన్ పెట్టిన తొలి నెలల్లో పని ఎంత వస్తుందో తెలియదు. ఆ సమయంలో ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం చెడితే చేతిలో డబ్బుండాలి. టన్ను ఇనుమును రాత్రికి రాత్రి అమ్మలేం. ఆ భద్రత కోసం కట్టే ధరే ఈ వడ్డీ.

అప్పు తీసుకునేట్టయితే ముద్ర కన్నా ముందు పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకు రాయితీతో రుణమిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం) ప్రయత్నించండి. గ్రామీణ ప్రాంతంలో జనరల్ వారికి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం రాయితీ, సొంత వాటా 10 శాతం. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ వర్గాలకు, మహిళలకు రాయితీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. ఐదు లక్షల మీద అది 1,25,000 గానీ 1,75,000 గానీ అవుతుంది. రాయితీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమ అవుతుంది. ఒక షరతు మరిచిపోవద్దు: ఇది కొత్త యూనిట్లకే. రుణం మంజూరు కాకముందే మిషన్ కొనేస్తే ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి రాజ్‌కోట్‌కు అడ్వాన్సు పంపే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, దరఖాస్తులు తీసుకుంటున్నారా అని అడగండి. బిల్లులు, లెక్కలు, ఆర్డర్లు నిజంగా మీరే చూసుకునేట్టయితే దరఖాస్తు మీ పేరున పెట్టవచ్చు. ఊరికే పేరుకు మాత్రం వద్దు, బ్యాంకు వారు అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఇంత చిన్న రుణానికి ఇల్లు తాకట్టు పెట్టమంటే ఒప్పుకోకండి. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

పథకం కుదరకపోతే 16 లక్షలను నేనైతే ఇలా పంచుతాను. సీనియర్ సిటిజన్ పథకంలో 11 లక్షలు, బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా రెండున్నర లక్షలు, మిషన్‌కు సొంత వాటాగా రెండు లక్షలు, తొలి నెలల ముడిసరుకుకు 50 వేలు. మిగతా మూడు లక్షలు ముద్ర. 11 లక్షల మీద మూడు నెలలకోసారి 22,550 వడ్డీ వస్తుంది. అంటే లేత్ ఒక నెల ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. పని బాగా సాగితే అప్పును ముందే తీర్చేయండి.

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. ఇంటి కనెక్షను మీద డబ్బులకు జాబ్ వర్క్ చేస్తే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి రెండింతల టారిఫ్ వేయవచ్చు. పరిశ్రమల కేటగిరీలో వేరే మీటరు తీసుకోండి. జీఎస్టీ నమోదు మాత్రం జాబ్ వర్క్ ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా అవసరం లేదు. అయితే మిషన్ మీద కట్టిన 57,600 వెనక్కి రాదు.

కంపెనీకి డబ్బు మొత్తం ముందే పంపకండి. పదో వంతు ఆపి, మీ షెడ్డులో లెవెల్ చేశాక రెండు పట్టీల పరీక్ష నెగ్గితేనే ఇస్తామని ఆర్డరులోనే రాయించండి. ఒప్పుకోని కంపెనీ అయితే ఇంకో కొటేషన్ తెప్పించుకోండి.

సీనియర్ సిటిజన్ పథకంలో 60 నిండకుండా చేరాలంటే రిటైర్మెంటు డబ్బు అందిన మూడు నెలల్లోపు, దానికి రుజువు జతచేసి ఖాతా తెరవాలి. ఏడాది లోపు మూసేస్తే ఇచ్చిన వడ్డీ కూడా కోసుకుంటారు, కాబట్టి మిషన్ కోసం తీయాల్సిన డబ్బు అందులో వేయకండి. ఖాతాలో మీ పేరును జాయింటుగా పెట్టించండి. ఈ పథకంలో భార్యాభర్తలకు మాత్రమే ఆ వీలుంది.