పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: సైప్రస్ సరిహద్దును మన విద్యార్థులు దాటగలరా?

ప్రశ్న: మా అబ్బాయి కర్నూలులో డిగ్రీ పూర్తిచేశాడు. ఉత్తర సైప్రస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఆ ద్వీపం యూరప్ సమాఖ్యలోనే ఉందనీ, అక్కడ దిగాక కాలినడకన సరిహద్దు దాటి దక్షిణ భాగంలో పనిచేస్తూ యూరోలు సంపాదించుకోవచ్చనీ అంటున్నాడు. జనం అలా దాటుతున్న వీడియోలు కూడా చూపించాడు. ఫీజు కోసం మూడెకరాల చేను కుదువపెట్టాలనుకుంటున్నాం. ఇందులో నిజమెంత?
– ఒక తండ్రి, ఆదోని, కర్నూలు జిల్లా

సమాధానం: దయచేసి చేను కుదువపెట్టే ముందు ఆగండి. మీరు చూసిన వీడియోలు నిజమైనవే కావచ్చు, కానీ అందులోని మనుషులకు ఉన్న హక్కు మీ అబ్బాయికి ఉండదు.

1974 జులైలో గ్రీసు సైనిక పాలకుల అండతో సైప్రస్‌లో తిరుగుబాటు జరిగింది. అయిదు రోజులకే టర్కీ సేనలు ద్వీపంలో దిగి, ఉత్తర భాగాన్ని ఆక్రమించాయి. అక్కడ 1983లో ప్రకటించుకున్న ప్రత్యేక రాజ్యాన్ని ఒక్క టర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదు. మన దేశం కూడా గుర్తించలేదు. రెండు భాగాల మధ్య సుమారు 180 కిలోమీటర్ల పొడవున ఐక్యరాజ్యసమితి కాపలా కాసే తటస్థ ప్రాంతం ఉంది. రాజధాని నికోసియా పాత పట్టణంలో అది కొన్ని అడుగుల సందు మాత్రమే, బయట పల్లెల వైపు కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్లకు పైగా విస్తరించింది.

2003 ఏప్రిల్‌లో రాకపోకలకు దారులు తెరిచారు. నికోసియా నడిబొడ్డున ఉన్న లెడ్రా వీధి 2008లో తెరుచుకుంది. ఇప్పుడు స్థానికులు రెండు చోట్ల గుర్తింపు పత్రం చూపించి నిమిషాల్లో అవతలికి వెళతారు. ఉత్తరాన ఉండే టర్కీ భాషీయులైన టర్కిష్ సైప్రియట్లు కొందరు పనికోసం దక్షిణానికి వస్తారు, దక్షిణాన ఉండే గ్రీకు భాషీయులైన గ్రీక్ సైప్రియట్లు కొందరు పెట్రోలు చవకని ఉత్తరానికి వెళ్లి బండి నింపుకుంటారు. కారుతో వెళ్లేవారు అవతలి వైపు చెల్లే బీమా విడిగా తీసుకోవాలి. ఏజెంటు మీకు చూపించింది ఈ జీవితాన్నే.

మీ అబ్బాయి మాత్రం ఉత్తరాన ఉన్న ఎర్జాన్ విమానాశ్రయంలో దిగుతాడు. విమానం టర్కీ మీదుగానే వస్తుంది. సైప్రస్ ప్రభుత్వం దృష్టిలో ఆ మార్గంలో ద్వీపంలో అడుగుపెట్టడమే చట్టవిరుద్ధం. కాబట్టి ఉత్తరాన ఇచ్చిన విద్యార్థి అనుమతి చూపించి అతను దక్షిణానికి వెళ్లలేడు, అక్కడ పనిచేసే హక్కు అసలే రాదు. ద్వీపం మొత్తం 2004లో యూరప్ సమాఖ్యలో చేరినట్టే లెక్క అయినా, సమాఖ్య చట్టాల అమలును ఉత్తర భాగంలో నిలిపి ఉంచారు. అక్కడ చెలామణి అయ్యేది టర్కీ లీరా, యూరో కాదు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి: ఉత్తరాన మన దౌత్య కార్యాలయం లేదు. పాస్‌పోర్టు పోయినా, జబ్బు చేసినా, కళాశాలతో తగాదా వచ్చినా ఆదుకోవలసిన భారత హైకమిషన్ ఉన్నది ఆ తటస్థ ప్రాంతానికి దక్షిణాన.

కర్నూలు జిల్లావారికి ఈ బాధ కొంత తెలుసు. తుంగభద్ర దాటి అలంపురం వైపు వెళ్లడం మనకు ఏనాడూ ప్రయాణంగా తోచలేదు. అయినా 2021 మే నెలలో, కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు, పుల్లూరు చెక్‌పోస్టు దగ్గర రోగులతో అంబులెన్సులు ఆగిపోయాయి. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల మధ్యే అంత జరిగితే, ఒకరినొకరు గుర్తించని రెండు పాలనల నడుమ చిక్కుకున్న పరాయి దేశపు పిల్లవాడి గతిని ఊహించండి. 2020లో కరోనా కారణంగానే అక్కడి దారులూ మూతపడ్డాయి.

సైప్రస్‌లోనే చదివించాలనుకుంటే, దక్షిణాన ప్రభుత్వ గుర్తింపు ఉన్న కళాశాలను ఎంచుకుని, సైప్రస్ ప్రభుత్వ వీసాతో లార్నకా లేదా పాఫోస్ విమానాశ్రయంలో దిగేలా చూడండి. ఏజెంటును ఒక్క మాట అడగండి: ప్రవేశ పత్రంలో ఉన్న ఊరు తటస్థ ప్రాంతానికి ఏ వైపున ఉంది? సూటిగా చెప్పకపోతే డబ్బు కట్టకండి.

ప్రశ్న: అంత సులువుగా రాకపోకలు సాగుతున్నప్పుడు ఆ ద్వీపం ప్రజలు ఎందుకు కలిసిపోవడం లేదు?
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: 2004 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ప్రణాళికపై రెండు వైపులా ఓటింగు జరిగింది. టర్కిష్ సైప్రియట్లలో సుమారు 65 శాతం ఒప్పుకున్నారు, గ్రీక్ సైప్రియట్లలో సుమారు 76 శాతం తిరస్కరించారు. టర్కీ సైన్యం ఎప్పుడు వెళుతుంది, 1974లో వదిలి వచ్చిన ఇళ్లూ పొలాలూ ఎవరివి అన్న ప్రశ్నలు తెగలేదు. 2017లో స్విట్జర్లాండులో జరిగిన చర్చలూ విఫలమయ్యాయి. 2023 ఆగస్టులో పిలా గ్రామం దగ్గర ఒక రోడ్డు పని విషయమై ఐక్యరాజ్యసమితి శాంతి సైనికులపైనే దాడి జరిగింది.

ఆ శాంతి దళానికి మన సైన్యాధికారులు నాయకత్వం వహించారు. జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఆ విధుల్లో ఉండగానే సైప్రస్‌లో కన్నుమూశారు. 1974 యుద్ధ సమయంలో దళాధిపతి ప్రేమ్‌చంద్. ఆనాడు ఐక్యరాజ్యసమితి అధీనంలోకి తీసుకున్న నికోసియా విమానాశ్రయం నేటికీ తటస్థ ప్రాంతంలో పాడుపడి ఉంది. ఇంత వైరం మధ్య కూడా, అల్లర్లలోనూ యుద్ధంలోనూ ఆచూకీ తెలియకుండా పోయిన సుమారు రెండువేల మంది అవశేషాల కోసం రెండు వైపుల శాస్త్రవేత్తలూ కలిసే తవ్వుతున్నారు, దొరికిన ఎముకలను గుర్తుపట్టి ఆయా కుటుంబాలకు అప్పగిస్తున్నారు.