పోటు వేళకు మోగే గంట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పిల్లల నవల మొదటి మూడు అధ్యాయాలను రెండుసార్లు చదివాను. సముద్రపు ఒడ్డున చిన్న పట్టణం, వెలగడం మానేసిన దీపస్తంభం, అర్ధరాత్రి నీళ్ళలోంచి వినిపించే గంట, దాని సంగతేమిటో తేల్చాలని బయలుదేరిన పదేళ్ళ పిల్ల: సరుకు మంచిదే. అయితే నీ గంట ప్రతి రాత్రీ సరిగ్గా పన్నెండుకే మోగుతోంది. నీళ్ళలో ఉండే దెయ్యానికి గోడగడియారంతో ఏం పని?

ఆ గంటను పోటుకు ముడిపెట్టు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, రాత్రి పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సోమవారం 10 గంటలకు మోగిన గంట మంగళవారం 10.50కి, బుధవారం 11.40కి మోగుతుంది. పిల్ల ఆ వేళలను నోటుపుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో ఒకదాని కింద ఒకటి రాసుకుంటుంది. నాలుగో రాత్రి వేళను తానే లెక్కగట్టి, దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని, గంట మోగకూడదని కోరుకుంటూనే మోగేదాకా ఎదురుచూస్తుంది. అది పగలు కూడా మోగుతూనే ఉందనీ, రేవులోని రొదలో ఎవరికీ వినబడలేదనీ ఏడో అధ్యాయం దాకా బయటపెట్టకు.

దెయ్యానికీ ఒక కట్టుబాటు ఉండాలి. పోటు తీసినప్పుడు ఇసుక మీద నాచు, గవ్వపెంకులు ఒక గీతలా మిగులుతాయి కదా, నీ దెయ్యం ఆ గీత దాటి రాలేదని పెట్టు. అమావాస్య, పౌర్ణమి రోజుల ప్రాంతంలో పోటు బాగా ఎత్తుకు వస్తుంది. నిన్న మెట్ల కింద ఉన్న నాచు ఇవాళ రెండో మెట్టు మీద కనబడితే చాలు, పౌర్ణమి ఇంకా మూడు రోజులుందని ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

భయానికి రక్తమూ కేకలూ అక్కర్లేదు. 1900 డిసెంబరులో స్కాట్లండ్‌కు పడమట ఉన్న ఫ్లానన్ దీవుల దీపస్తంభం నుంచి ముగ్గురు కాపలాదారులు మాయమయ్యారు. ముట్టకుండా వదిలేసిన భోజనం, పడిపోయిన కుర్చీ అని అందరూ చెప్పుకునేవి 1912 నాటి ఒక పద్యంలోని కల్పనలు. వెతకడానికి వెళ్ళినవారు నిజంగా చూసినది తుడిచి, నూనె పోసి వెలిగించడానికి సిద్ధంగా ఉంచిన దీపాన్నీ, కొక్కేనికి వేలాడుతున్న ఒకే ఒక్క వాన కోటునూ. నాకైతే ఆ కోటే ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే చలికాలపు తుపానులో కోటు వేసుకోకుండా ఒకడు బయటికి పరుగెత్తాడంటే అతడు దేన్ని చూసి ఉంటాడన్న ప్రశ్న చదివేవాడిదే అవుతుంది. నీ దీపస్తంభం గదిలోని పుర్రెను తీసేసి అలాంటి వస్తువొకటి పెట్టు.

నా మొదటి పిల్లల కథలో చేసిన తప్పు కూడా చెబుతాను. చివరి అధ్యాయంలో మేనమామ టార్చిలైటుతో వచ్చి అంతా దొంగసరుకు రవాణా చేసేవాళ్ళ పని అని తేల్చేశాడు. చదివిన కుర్రవాడొకడు "అయితే దెయ్యం ఉత్తదేనా?" అని పుస్తకం మూసేశాడు, వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి కొన్నింటికే కారణం చెప్పు. అలల్లో నీలంగా వెలిగే అడుగుజాడలకు నోక్టిల్యూకా వంటి, కదిలిస్తే మెరిసే సూక్ష్మజీవులను కారణంగా చూపవచ్చు, అది నిజం కూడా. గంట మోగించే చేతిని మాత్రం వివరించకు. కనిపెట్టేది పిల్లే కావాలి; పెద్దవాళ్ళు ఆలస్యంగా రావాలి, లేదా నమ్మకపోవాలి.

మూడో అధ్యాయాన్ని ఈ లెక్క ప్రకారం మళ్ళీ రాసి పంపు. ఆ చెయ్యి ఎవరిదో ఉత్తరంలో రాయకు, నేనూ పెన్సిలు పట్టుకుని వేళలు రాసుకుంటూ చదువుతాను.