ఓడిన మర్నాడు కూడా పేపరు వేయాలి కదా

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఒక్క సీటూ లేని కమ్యూనిస్టు పార్టీలు మూతపడకుండా ఎలా నిలబడుతున్నాయి, ఓడిన మర్నాడే జెండా పట్టుకుని రోడ్డు మీదికి ఎలా రాగలుగుతున్నారు, దగ్గర నుంచి చూసినవారు చెప్పండి అని అడిగారు. నేను పార్టీ సభ్యుణ్ని కాను. 1999 నుంచి 2004 దాకా విజయవాడ వన్‌టౌన్‌లో వాళ్లతో కలిసి తిరిగాను. తర్వాత ఉద్యోగంలో పడ్డాను. అంతకుముందు కథ మా తాతయ్య చెప్పినది.

మా ఇంట్లో ఓటమి అంటే 1955. అంతకు మూడేళ్ల ముందు ఆంధ్ర ప్రాంతంలో 41 సీట్లు గెలిచిన పార్టీ, అప్పటికి ఇంకా చీలని కమ్యూనిస్టు పార్టీ. ప్రకాశం ప్రభుత్వం పడిపోయి మధ్యంతర ఎన్నికలు వచ్చేసరికి ఇక మంత్రివర్గం తమదేనని కృష్ణా జిల్లాలో చాలామంది నమ్మారట. 1952లో ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకున్న కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ వంటివారు ఈసారి ఒక్కటయ్యారు. ఆ జనవరిలోనే ఆవడి సభలో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని ప్రకటించింది. అది చాలదన్నట్టు మాస్కో నుంచి సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాయే నెహ్రూను మెచ్చుకుంది. ఇక ఎదుటివాళ్లకు వేరే ప్రచారం ఎందుకు? 196 స్థానాల్లో దక్కినవి 15. గన్నవరంలో పార్టీ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు గెలవడం ఒక్కటే మా వైపు కాస్త ఊరట.

తాతయ్య అప్పట్లో సైకిలు మీద పార్టీ పత్రిక విశాలాంధ్ర వేసేవారు. ఫలితాలు తెలిసిన మర్నాడు ముసుగుతన్ని పడుకుంటే, నాయనమ్మ సైకిలు తీసుకొచ్చి గుమ్మంలో పెట్టి, "ఓడింది మీరు గానీ చందా కట్టినవాళ్లు కాదుగా" అందట. ఆయన వెళ్లారు. దారి పొడవునా ఎగతాళులే. ఎగతాళి చేసినవాళ్లలోనూ ఇద్దరు ముగ్గురు చందాదారులు ఉన్నారని, వాళ్లు పేపరు మాత్రం మానలేదని ముసిముసిగా నవ్వుతూ చెప్పేవారు. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబులో సగం ఇదే. ఓటమి గురించి ఆలోచించే తీరిక లేనంతగా చిన్న చిన్న పనులు ఉంటాయి. పేపరు వేయాలి, లెవీ (సభ్యులు తమ ఆదాయంలోంచి పార్టీకిచ్చే వాటా) వసూలు చేయాలి, సభ్యత్వాలు పునరుద్ధరించాలి, హమాలీల కూలి రేట్ల ఒప్పందం గడువు తీరితే మళ్లీ కూర్చుని మాట్లాడాలి. ఎన్నికల్లో ఎవరు గెలిచినా బస్తా బరువు తగ్గదు.

అయితే ఒక మాట. 1955లో సీట్లు పోయినా ఓట్లు 31 శాతానికి పెరిగాయి. ఆ అంకెను తాతయ్య చనిపోయే దాకా తాయెత్తులా కట్టుకు తిరిగారు. నాకది నచ్చేది కాదు. ఓట్లు పెరిగాయని చెప్పుకున్నన్నాళ్లూ ఎందుకు ఓడామన్న ప్రశ్న వాయిదా పడుతుంది. 1964లో పార్టీ సీపీఐ, సీపీఎంలుగా చీలిన సంగతి ఎత్తను. తాతయ్యా ఆయన తమ్ముడూ పెళ్లి పందిట్లో కూడా పక్కపక్కన కూర్చోవడం మానేశారంటే చాలు.

నేను కళ్లారా చూసిన ఓటమి 1999 నాటిది. 1994లో తెలుగుదేశంతో పొత్తులో సీపీఐకి 19, సీపీఎంకు 15 వచ్చాయి. అయిదేళ్లకు తెలుగుదేశం బీజేపీ వైపు వెళ్లింది. సీపీఐకి సున్నా, సీపీఎంకు రెండు మిగిలాయి. విజయవాడకు 1981లో తొలి మేయరును ఇచ్చిన పార్టీకి సున్నా! ఫలితాల మర్నాడు కార్యాలయంలో ఎవరూ మాట్లాడలేదు. టీ గ్లాసులు కూడా ఎవరూ తీయలేదు. పదిన్నరకు చిట్టినగర్ వైపు కొండ మీద నుంచి ఒకావిడ రొప్పుతూ వచ్చింది. కుళాయికి మూడు రోజులుగా నీళ్లు ఎక్కడం లేదట. "ఓటు సైకిలుకే వేశాను బాబూ, దాచడం ఎందుకు. నీళ్ల సంగతి మాత్రం మీరే చూడాలి" అంది. నాకు ఒళ్లు మండింది. అక్కడున్న పెద్దాయన మాత్రం లేచి చొక్కా గుండీలు పెట్టుకుని, "పద, అర్జీ రాయి" అన్నారు. నీళ్లు రావడానికి వారం పట్టింది.

2000లో కరెంటు చార్జీలు పెరిగాయి. ఇంటింటికీ వెళ్లి పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి తేడా ఎంతో వెనక రాసి ఇచ్చేవాళ్లం. ఉపన్యాసాల కంటే ఆ అంకె బాగా పని చేసింది. మాకు తలుపు తీయని ఇళ్లలో మంచినీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆ చార్జీలకు వ్యతిరేకంగా సాగిన ప్రదర్శనపై పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ రాత్రి కార్యాలయంలో రేడియో చుట్టూ కూర్చున్నవాళ్లెవరికీ సున్నా, రెండు గుర్తు రాలేదు.

2004లో సీపీఐకి ఆరు, సీపీఎంకు తొమ్మిది వచ్చాయి. మా విజయవాడ పశ్చిమ కూడా సీపీఐదే. ఇందులో ఉద్యమం ఎంత, కాంగ్రెస్‌తో పొత్తు ఎంత అని గట్టిగా అడిగినవాళ్లు లేరు. ఓడినప్పుడు రెండు రోజులు సాగే సమీక్ష గెలిచినప్పుడు టీ తాగే లోపు అయిపోతుంది. నా దృష్టిలో ఆ తర్వాతి పతనానికి అదీ ఒక కారణం.

వాళ్లు నిలబడుతున్నారని మీరు అన్నారు. కొంతవరకే. 2021లో మా నగరపాలక సంస్థలో 64 డివిజన్లకు ఒక్కటి సీపీఎంకు వచ్చింది. కొండ మీది పిల్లలు చదువుకుని హైదరాబాదు, బెంగళూరు వెళ్లారు. మంచిదే, దాని కోసమే కదా కొట్లాడింది. కానీ వాళ్ల స్థానంలోకి వచ్చినవాళ్లు తక్కువ. మొన్న చందా కట్టడానికి ఆ కార్యాలయానికి వెళ్తే లెవీ పుస్తకం రాస్తూ కనిపించింది 1999లో నా చేత అర్జీ రాయించిన పెద్దాయనే. కళ్లజోడు మందం పెరిగింది. రసీదు చింపి ఇస్తూ, "కొండ మీద మళ్లీ నీళ్లు ఎక్కడం లేదట, సాయంత్రం ఖాళీయేనా?" అని అడిగారు.